మౌస్ లేని రాజ్యం: స్ట్రాటజీ ఆటలు కన్సోల్‌కు వస్తే ఏం మిగులుతుంది, ఏం పోతుంది?

కందకం | శనివారం, రాత్రి 10:15

నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం తక్కువ. ఈసారి మాత్రం మీ అందరినీ అడగాలనిపించింది.

ఊరు కట్టి, వనరులు పోగేసి, సైన్యంతో శత్రువును ఓడించే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే కంప్యూటర్ ఆట నాకు ఇంటర్ రోజుల్లో పరిచయం. గంటకు 15 రూపాయలు తీసుకునే నెట్ సెంటర్‌లో నేర్చుకున్నాను. కుడిచేయి మౌస్ మీద, ఎడమచేయి కీబోర్డు మీద, ఇరవై ఏళ్లుగా అదే అలవాటు. ఈ ఏడాది మణికట్టు నొప్పి ముదిరింది. ఆఫీసు పని ఎలాగూ తప్పదు, సాయంత్రాలైనా మౌస్ ముట్టుకోవద్దని వైద్యుడు గట్టిగా చెప్పారు. ఆట మానడం నా వల్ల కాలేదు. 2023 జనవరి 31న ఈ ఆట ఎక్స్‌బాక్స్‌కు వచ్చిందని గుర్తొచ్చి, టీవీకి తగిలించి కంట్రోలర్‌తో ఆడే ఆ కన్సోల్ కొన్నాను.

మొదటి సాయంత్రం సంగతి చెబుతాను. ఊరి కేంద్ర భవనమైన టౌన్ సెంటర్ కింద గొర్రె చుట్టూ ఆరుగురు విలేజర్లు, అంటే పనివాళ్లు, ఉన్నారు. అందులో నలుగురిని కట్టెలకు పంపాలి. మౌస్‌తో అయితే చిన్న పెట్టె గీసి చెట్టు మీద నొక్కడమే, రెప్పపాటు పని. కంట్రోలర్ మీద బొటనవేలితో వంచే స్టిక్‌తో పోతే కర్సర్ ఒకసారి గొర్రెను దాటి అవతలికి వెళ్లింది. వెనక్కి తెస్తే పక్కనే ఉన్న స్కౌట్, పటం వెతికే వేగు, కూడా ఎంపికయ్యాడు. మళ్లీ మొదలుపెట్టాను. ఈలోగా టౌన్ సెంటర్ కొత్త విలేజర్లను తయారు చేయకుండా ఖాళీగా నిలబడిపోయింది. ఈ ఆట తెలిసినవారికి ఆ ఖాళీ ఎంత బాధో తెలుసు.

మూడో రోజు, విలేజర్ల పనిని ఆటకే అప్పగించే ఏర్పాటు వాడి చూశాను. ఏ వనరు ముఖ్యమో మనం చెబితే వాళ్లే పని పంచుకుని వెళ్తారు. చేతికి హాయిగా ఉంది. నేనూ చాలా ఏళ్ల తర్వాత తీరిగ్గా శత్రువు ఏం చేస్తున్నాడో చూడగలిగాను. కానీ మనసులో ఒక ముల్లు మిగిలింది. ఇది నేను ఆడిన ఆటేనా? కష్టమైన కంప్యూటర్ ఆటను కన్సోల్‌కు తెచ్చేటప్పుడు ఎంతవరకు మార్చవచ్చు? మీ అనుభవాలు చెప్పండి.

బంటు64 | శనివారం, రాత్రి 11:02

కందకం గారూ, మీ మణికట్టు త్వరగా నయం కావాలి. ఆట మానకపోవడం మంచి నిర్ణయం.

మీ ప్రశ్నకు మాత్రం నా జవాబు సూటిగా చెబుతాను. అది మీరు ఆడిన ఆట కాదు. ఈ ఆటలో మొదటి పది నిమిషాలే సగం ఆట. అడవిపందిని ఒక విలేజర్‌తో బాణం వేయించి, అది తరుముతుంటే టౌన్ సెంటర్ దాకా పరుగెత్తించి, అక్కడ గొర్రె దగ్గర ఉన్నవాళ్లను దాని మీదికి తిప్పాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే విలేజర్ చస్తాడు. ఎవరు ఎక్కడ పని చేయాలన్నది లెక్క, దాన్ని సమయానికి చేయడం పనితనం. ఈ రెండూ కలిస్తేనే ఆటగాడు. వంట మనిషిని పెట్టుకుని "నేను వండాను" అని చెప్పుకోలేం కదా.

నెట్ సెంటర్‌లో మాకు నేర్పిన అన్నయ్య ఒకాయన, యుద్ధం మధ్యలో కూడా ప్రతి కొన్ని సెకన్లకు ఒకసారి టౌన్ సెంటర్‌కు తిరిగి వచ్చేవారు. ఆ లయ నాకు రావడానికి రెండేళ్లు పట్టింది. దాన్ని మెనూలో ఒక వరుసగా చూడటం నాకు కష్టంగానే ఉంది.

చదరంగపు_గడి | ఆదివారం, ఉదయం 7:20

ఇద్దరి మాటా చదివాను. ఒక పాత సంగతి చెబితే చర్చకు పనికొస్తుంది.

ఈ రకం ఆటలు కంప్యూటర్‌లోనే పుట్టి, తర్వాత కన్సోల్‌కు దిగివచ్చాయని అనుకుంటాం. 1989లోనే మెగా డ్రైవ్ కన్సోల్‌లో హెర్జోగ్ త్స్వై అనే జపాన్ ఆట వచ్చింది. అందరూ ఈ జాతికి మూలపురుషుడిగా చెప్పుకునే డ్యూన్ 2 కంప్యూటర్‌లో వచ్చింది 1992లో. అంటే మూడేళ్ల ముందే కన్సోల్‌లో ఈ ప్రయత్నం జరిగింది.

ఆ ఆటలో కర్సర్ లేదు. మీరే ఒక యంత్రం. ఆకాశంలో విమానంగా ఎగురుతారు, నేల మీద దిగితే మనిషి ఆకారంలోకి మారతారు. ట్యాంకు కావాలంటే తయారు చేయించి, దాన్ని మీరే ఎత్తుకెళ్లి కావలసిన చోట దింపాలి. ఆజ్ఞ మార్చాలన్నా దాని దగ్గరకు మీరే వెళ్లాలి. కర్సర్ నెమ్మదిగా కదలడం అక్కడ లోపం కాదు. ఎగరడానికి పట్టే సమయమే ఆటలో ఖర్చు. ఇక్కడికి పోతే అక్కడ లేనట్టే.

2001లో గేమ్‌క్యూబ్ కన్సోల్‌కు వచ్చిన పిక్మిన్ ఆటలోనూ ఇదే చూస్తాం. ఒక చిన్న నాయకుడి వెంట నూరుమంది దాకా చిన్న జీవులు నడుస్తాయి. మీరు చూపేది వేలితో కాదు, ఆ నాయకుడు నిలబడిన చోటుతో.

డ్యూన్ 2 మెగా డ్రైవ్‌కు వచ్చినప్పుడు కూడా తయారుచేసినవారు మౌస్‌ను అనుకరించి ఊరుకోలేదు. కంప్యూటర్‌లో పక్క పట్టీలో ఉండే ఆజ్ఞలను నేరుగా బటన్ల మీదికి తెచ్చారు. దాడి చేయడానికీ కదలడానికీ పట్టీ దాకా పోనక్కర్లేదు. ముప్పై ఏళ్ల కిందటి ఆ పని చూస్తే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

ఇంకో దారి కూడా ఉంది, మౌస్‌నే కన్సోల్‌కు తగిలించడం. రెడ్ అలర్ట్ అనే యుద్ధపు ఆట ప్లేస్టేషన్ రూపం మౌస్‌తో పనిచేసేది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కూడా 2001లోనే ప్లేస్టేషన్ 2కు వచ్చింది, దానికీ మౌస్, కీబోర్డు తగిలించుకోవచ్చు. అది సర్దుబాటు. సోఫాలో కూర్చుని మౌస్ ఎక్కడ పెట్టుకుంటారు?

నిజామాబాద్_వాసి | ఆదివారం, ఉదయం 8:05

చర్చకు కొంచెం పక్కకు వెళ్తున్నాను, మన్నించండి. కందకం గారూ, ఇప్పుడు ఏ జాతితో ఆడుతున్నారు? 2022 ఏప్రిల్‌లో ఆటకు అదనంగా వచ్చిన భారత రాజవంశాల విస్తరణలో ద్రవిడియన్స్ ఉన్నారు కదా. వాళ్ల ప్రత్యేక సాంకేతికత వూట్జ్ స్టీల్. అది తీసుకుంటే పదాతి, అశ్విక దళాల దెబ్బకు ఎదుటివాడి కవచం లెక్కలోకి రాదు. మా జిల్లాలోని కోనసముద్రంలో తీసిన ఆ ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆటలో ఆ పేరు చూసిన రోజు మా నాన్నగారిని పిలిచి చూపించాను.

లేఖిని_లేని_డిజైనర్ | ఆదివారం, మధ్యాహ్నం 1:40

నేను హైదరాబాద్‌లో ఆటలకు తెరలు, మెనూలు రూపొందించే ఉద్యోగం చేస్తాను. ఎక్కడ అన్నది వద్దు. చదరంగపు_గడి గారు చెప్పినదానికి చేతిపని వైపు నుంచి కొంత కలుపుతాను.

మౌస్‌కూ స్టిక్‌కూ అసలు తేడా ఇదీ. మౌస్‌ను ఎంత జరిపితే కర్సర్ అంత జరుగుతుంది. చేతికి దూరం తెలుసు. స్టిక్ అలా కాదు. ఎంత వంచితే అంత వేగం. గమ్యం దగ్గరకు రాగానే బొటనవేలు సరైన క్షణంలో వదలాలి. అంటే ప్రతి ఎంపికా ఒక చిన్న బ్రేకు వేసే పరీక్ష. కందకం గారి కర్సర్ గొర్రెను దాటిపోయింది అందుకే.

కానీ స్టిక్‌కు దిక్కులు బాగా తెలుసు. పైకి, కుడికి, కింద ఎడమ మూలకు, ఇవి కళ్లు మూసుకుని చేయగలం. చక్రంలా తెరుచుకునే మెనూలు అందుకే పుట్టాయి. నాలుగు రోజులు ఆడాక మనం మెనూ చదవం, వేలు దానంతటదే ఆ మూలకు పోతుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ తయారుచేసిన ఎన్సెంబుల్ స్టూడియోస్ 2009లో ఎక్స్‌బాక్స్ 360 కోసం హేలో వార్స్ చేసింది. అందులో కట్టడాలన్నీ కోట చుట్టూ ముందే నిర్ణయించిన స్థలాల్లోనే వస్తాయి. స్థలం ఎంచుకోవడం, చక్రం తెరవడం, దిక్కు చూపడం, అంతే. కంట్రోలర్ పై అంచున ఉండే బంపర్ బటన్లలో ఒకటి నొక్కితే మొత్తం సైన్యం, ఇంకోటి నొక్కితే తెర మీద కనిపిస్తున్న సైన్యం. బటన్ నొక్కి పట్టుకుని కర్సర్‌ను జరిపితే, రంగు పూసినట్టు దాని కింద ఉన్నవాళ్లంతా ఎంపికవుతారు.

ఇక అందరూ మరిచిపోయేది దూరం. కంప్యూటర్ ముందు రెండడుగుల దూరంలో ఉంటాం, టీవీకి పది అడుగులు. నేను చేసే పరీక్ష చాలా సాదాది. కొత్త తెర గీశాక దాన్ని మా సమావేశ గదిలో టీవీ మీద పెట్టి, చివరి కుర్చీలో కూర్చుని చదువుతాను. మొదటిసారి అలా కూర్చున్న రోజు, ఆరు వారాలు కష్టపడి గీసిన వనరుల పట్టీలో 3కూ 8కీ తేడా కనిపించలేదు. ఏడుపు వచ్చినంత పనైంది. అక్షరం పెంచితే పట్టీ పట్టదు. పట్టీలో తొమ్మిది అంకెలుంటే నాలుగు తీసేయాలి. ఏ నాలుగు? ఆటగాడు ప్రతి క్షణం చూసేవేవి, అవసరమైనప్పుడు మాత్రమే చూసేవేవి? ఆ ప్రశ్న కంప్యూటర్ రూపం చేసినప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు. అక్కడ చోటు ఉంది కాబట్టి అన్నీ పెట్టేశాం.

కందకం | ఆదివారం, సాయంత్రం 5:30

డిజైనర్ గారూ, ఆ బ్రేకు మాట చదివాక ఇంకోసారి ఆడి చూశాను. నిజమే. నేను ఇన్నాళ్లూ స్టిక్‌ను మౌస్‌లా వాడాలని చూస్తున్నాను. ఇవాళ కర్సర్‌తో వెతకడం తగ్గించి, ఖాళీగా ఉన్న విలేజర్ దగ్గరకు నేరుగా తీసుకెళ్లే బటన్‌నూ, దళాల గుర్తులనూ నమ్ముకున్నాను. బొటనవేలికి పని సగమైంది.

నిజామాబాద్_వాసి గారూ, తప్పకుండా ఆడతాను. ఆ ఊరి సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు సంతోషం.

డల్లాస్_రాత్రులు | ఆదివారం, రాత్రి 9:48

మీరంతా వేగం గురించి మాట్లాడుతున్నారు. వేగంతో సంబంధం లేని ఆటల సంగతి వేరు. నేను మధ్యయుగపు రాజవంశాన్ని తరతరాలుగా నడిపే క్రూసేడర్ కింగ్స్ 3 ఆడతాను. కంప్యూటర్‌లో 2020 సెప్టెంబర్‌లో వచ్చింది, ప్లేస్టేషన్ 5కూ కొత్త ఎక్స్‌బాక్స్‌కూ 2022 మార్చి 29న వచ్చింది. పాత ప్లేస్టేషన్ 4కు ఇవ్వనే లేదు. ఆ ఆటలో వేలమంది మనుషులు, వాళ్ల పెళ్లిళ్లు, పగలు, వారసత్వాలు అన్నీ వెనక నడుస్తుంటాయి. ఇలాంటి ఆటకు బొమ్మల కంటే లెక్కలు బరువు.

అందులో ఎప్పుడైనా కాలాన్ని ఆపవచ్చు, కాబట్టి చేతి వేగం అడ్డు కాదు. చదవడం అడ్డు. కంప్యూటర్‌లో ఒక మాట మీద మౌస్ పెడితే వివరణ తెరుచుకుంటుంది, అందులోని మాట మీద పెడితే ఇంకోటి, అలా లోపలికి పోవచ్చు. కొత్తవాళ్లకు ఆట నేర్పేది ఆ వివరణలే. కన్సోల్‌లో మౌస్ "పెట్టడం" అన్నది లేదు. బటన్ నొక్కి వివరణలోకి దిగాలి, మాటల మీదుగా జరగాలి, మళ్లీ బయటికి రావాలి. ఇది నెమ్మది. కానీ నాకు తెలిసి ఇదే కన్సోల్ రూపానికి మేలు కూడా చేసింది. మా అక్క కంప్యూటర్‌లో ఆ పటం చూసి ఒకసారి దండం పెట్టి లేచిపోయింది. టీవీ మీద ఒక్కో మెనూ ఒక్కో గదిలా తెరుచుకుంటుంటే, సెలవుల్లో వచ్చినప్పుడు ఐర్లాండ్‌లో ఒక చిన్న సంస్థానంతో మొదలుపెట్టి నాలుగు తరాలు నడిపింది. మేనకోడలి పెళ్లి సంబంధం చూసినంత శ్రద్ధగా ఆ రాజకుమారుడి సంబంధాలు చూసింది. రాత్రి రెండింటికి లేపి, "తమ్ముడూ, వీడికి ఇద్దరు కొడుకులు, రాజ్యం చీలిపోతుందట, ఏం చేయను?" అని అడిగింది. ఆ ఆట గుండెకాయే ఆ ప్రశ్న. కంట్రోలర్‌తోనే అక్కడికి చేరింది.

లోటు ఒకటి చెప్పాలి. కొత్త విస్తరణలు కంప్యూటర్ వాళ్లకు ముందు, కన్సోల్ వాళ్లకు చాలా వెనక వస్తాయి. 2019లో కన్సోల్‌కు వచ్చిన స్టెల్లారిస్ అనే అంతరిక్ష ఆటదీ అదే కథ. మాతృక పరుగెడుతుంటే నకలు వెనక నడుస్తుంది. ఒకే ఆట గురించి ఇద్దరు మాట్లాడుకుంటే, ఒకరి నియమాలు ఇంకొకరికి తెలియవు.

బంటు64 | సోమవారం, ఉదయం 6:55

డల్లాస్_రాత్రులు గారి అక్కగారికి నా నమస్కారాలు. వారసత్వం చీలిపోయే చోటికి వచ్చారంటే ఆట పట్టుబడినట్టే.

నా భయం మాత్రం ఇంకా పోలేదు. ఒక నాగరికతను యుగయుగాలుగా వంతులవారీగా నడిపే సివిలైజేషన్ ఆటలు చూడండి. 2008లో కన్సోల్ కోసమే సివిలైజేషన్ రెవల్యూషన్ చేశారు. చిన్న పటం, పొలాలు దున్నే కార్మికులు లేరు, ఒకే రకం దళాలు మూడు కలిస్తే ఒక సైన్యం, ఒక్క సాయంత్రంలో ఆట పూర్తి. దానితో నాకు పేచీ లేదు. అది వేరే ఆట, వేరే పేరు, చెప్పి మరీ చేశారు. 2018లో సివిలైజేషన్ 6 నింటెండో స్విచ్ కన్సోల్‌కు వచ్చింది. అసలు ఆటే, చేతిలో పట్టేలా. దానితోనూ పేచీ లేదు.

2025 ఫిబ్రవరిలో సివిలైజేషన్ 7 కంప్యూటర్‌కూ కన్సోళ్లకూ ఒకేసారి వచ్చింది. రాగానే ఆటగాళ్లు ఎక్కువగా మొరపెట్టుకున్నది తెర గురించే. కావలసిన సమాచారం కనబడటం లేదని, వివరాలు లోతుగా లేవని. తయారీదారులూ ఒప్పుకుని తర్వాతి అప్‌డేట్లలో సరిదిద్దుతూ వచ్చారు. టీవీ కోసం నాలుగు అంకెలు తీసేస్తే, రెండడుగుల దూరంలో కూర్చున్న నాకు కూడా ఆ నాలుగు అంకెలు పోతాయేమో. నా బాధ అదీ. పది అడుగుల దూరం వాళ్లకు పెద్ద అక్షరాలు ఇవ్వండి, వద్దనను. నా ఇంట్లో దీపం ఆర్పి వాళ్లకు వెలిగించవద్దు.

లేఖిని_లేని_డిజైనర్ | సోమవారం, మధ్యాహ్నం 1:10

బంటు64 గారూ, ఈ భయం న్యాయమైనది. ఒకే తెరను అన్నిటికీ సాగదీస్తే ఎవరికీ సరిపోదు. రెండు తెరలు గీయాలంటే డబ్బూ సమయమూ కావాలి, అక్కడే కోత పడుతుంది. నా ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు ఓడిపోయే వాదన ఇదే.

అయితే సైనికుల చిన్న దళాన్ని వంతులవారీగా నడిపే ఎక్స్‌కామ్‌ను కూడా లెక్కలోకి తీసుకోండి. 1994 నాటి మూల ఆటలో ఒక్కో సైనికుడికి సమయపు యూనిట్లు ఉండేవి. అడుగు వేస్తే ఇన్ని, మోకాలు వంచితే ఇన్ని, కాలిస్తే ఇన్ని. 2012లో ఫిరాక్సిస్ సంస్థ వాళ్లు కంప్యూటర్‌కూ కన్సోళ్లకూ కలిపి కొత్తగా చేసినప్పుడు అవన్నీ తీసేసి, ఒక్కో సైనికుడికి రెండు పనులే ఇచ్చారు. కదిలి కాల్చు, లేదా దూరంగా పరుగెత్తు. లెక్క తగ్గింది, గుండెదడ తగ్గలేదు. గోడ చాటు దాకా చేరితే కాల్చే వీలు ఉండదు, కాల్చాలంటే గోడ చాటు అందదు. ఆ నిమిషాన కంట్రోలర్ పట్టుకున్నవాడూ మౌస్ పట్టుకున్నవాడూ ఒకేలా ఊపిరి బిగబడతారు.

నేను తీసేసే ప్రతిదాని ముందూ ఒకటే చూస్తాను. ఇది ఆటగాడి నిర్ణయమా, నిర్ణయాన్ని చేరవేసే కూలిపనా? కూలిపనైతే తీసేయవచ్చు. మీ అడవిపంది విషయంలో మాత్రం రెండూ కలిసిపోయి ఉన్నాయి, అందుకే మీకు నొప్పి. అది నాకు అర్థమైంది.

రేపల్లె_రేవు | సోమవారం, రాత్రి 8:20

కూలిపని అన్న మాట దగ్గర నేను రాయాలి. మా తమ్ముడికి మూడేళ్ల కిందట ప్రమాదంలో కుడిచేతి వేళ్లు రెండు కదలిక కోల్పోయాయి. మౌస్ పట్టుకోగలడు, నొక్కలేడు. ఆటలు తన జీవితంలో అయిపోయాయనుకున్నాడు. ఇప్పుడు కంట్రోలర్‌ను ఒడిలో పెట్టుకుని, బటన్ల స్థానాలు తనకు వీలుగా మార్చుకుని, కంపెనీ ఆఫ్ హీరోస్ 3 అనే రెండో ప్రపంచ యుద్ధపు ఆట ఆడుతున్నాడు. అది 2023 మేలో కన్సోల్‌కు వచ్చింది. ఒంటరిగా ఆడేటప్పుడు యుద్ధాన్ని ఆపి, ఒక్కో దళానికి ఆజ్ఞలు వరుసగా ఇచ్చి, మళ్లీ నడిపించవచ్చు.

నిన్న ఒక వంతెన దగ్గర ఆపి, పన్నెండు నిమిషాలు ఆలోచించాడు. నేను గడియారం చూశాను. మోర్టార్ ఎక్కడ, పొగ ఎప్పుడు, ఎవరు ముందు. తర్వాత ఒక్కసారి వదిలాడు. వంతెన దక్కింది. వాడి చేయి నెమ్మదించింది గానీ ఆలోచన నెమ్మదించలేదు. బంటు64 గారూ, మీ పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. వాడికీ పనితనం ఉంది, అది ఇంకోచోట ఉంది.

చదరంగపు_గడి | సోమవారం, రాత్రి 9:05

రేపల్లె_రేవు గారూ, మీ తమ్ముడి వంతెన గురించి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

2008లో ఎండ్‌వార్ అని ఒకటి వచ్చింది, నోటిమాటతో ఆడే ఆట. ఎవరు, ఏం చేయాలి, ఎక్కడ అని మూడు ముక్కల్లో ఇంగ్లీషులో చెబితే దళాలు కదిలేవి. ఆడుతున్నప్పుడు నాకు ఒకటి తట్టింది. కంట్రోలర్ ఆజ్ఞ మన తెలుగు వాక్యంలా ఉంటుంది. ముందు ఎవరో ఎంచుకుంటాం, తర్వాత ఎక్కడో చూపిస్తాం, క్రియ చివర వస్తుంది. శత్రువు మీద చూపితే దాడి, చెట్టు మీద చూపితే నరకడం. క్రియను ఆటే ఊహిస్తుంది. డ్యూన్ 2 కంప్యూటర్ రూపంలో మాత్రం "దాడి" అనే ఆజ్ఞను విడిగా ఎంచుకుని ఆ తర్వాత గురి చూపాలి.

బంటు64 | సోమవారం, రాత్రి 10:30

రేపల్లె_రేవు గారూ, తమ్ముడికి నా అభినందనలు చెప్పండి. పన్నెండు నిమిషాలు ఆగి ఆలోచించే ఓపిక నాకు లేదు. ఇంతకాలం అది గొప్పగా అనుకున్నాను.

కందకం గారూ, ఈ ఆటలో కంప్యూటర్ వాళ్లూ ఎక్స్‌బాక్స్ వాళ్లూ కలిసి ఆడవచ్చు. శుక్రవారం రాత్రి 9 గంటలకు వస్తారా? మీరు కంట్రోలర్‌తో, విలేజర్ల పని ఆటకు అప్పగించే. నేను నా పాత పద్ధతిలో. అరేబియా పటం.

కందకం | సోమవారం, రాత్రి 10:41

వస్తాను. ద్రవిడియన్స్‌తో.

బంటు64 | శుక్రవారం, రాత్రి 11:25

ఆట అయింది. 47 నిమిషాలు. గెలిచింది నేనే, కానీ ఎలా గెలిచానో రాయాలి.

మొదటి పావుగంట అనుకున్నట్టే జరిగింది. నా విలేజర్లు ఎక్కువ, నా లెక్క ముందు. ఆయన కట్టెలు పేరుకుపోతుంటే, ఆహారం చాలక కాసేపు ఆగిపోయారు. ప్రాధాన్యం మార్చడం ఆలస్యమైందట. ఆ తర్వాత నేను ఊహించనిది జరిగింది. అడవి వెనక బంగారు గని దగ్గర నేను దాచిన రెండు స్టేబుళ్లను, అంటే గుర్రపు దళాలు తయారయ్యే శాలలను, ఆయన స్కౌట్ కనిపెట్టాడు. నేను పొలాలు సర్దుకుంటున్న సమయంలో ఆయన పటమంతా తిరుగుతున్నారు. నా గుర్రాలు బయలుదేరేసరికి ఈటెలవాళ్లు దారిలో నిలబడి ఉన్నారు. ఇరవై రెండు గుర్రాలు పోయాయి. చివరికి నా సంపదే నన్ను గట్టెక్కించింది.

నా మాట మీద నేను ఉన్నాను, అడవిపందిని తరమడం ఆటలో భాగమే. కానీ ఆ స్కౌట్‌ను నేను చూడలేదు. పొలాల మీద కళ్లు పెట్టుకుని, పక్కనుంచి వెళ్తున్నా చూడలేదు.

కందకం | శుక్రవారం, రాత్రి 11:50

మణికట్టు నొప్పి లేదు, అది ముందు చెప్పాలి. ఆహారం ఆగిపోయినప్పుడు తప్పు నాదే, విలేజర్ల వైపు ఐదు నిమిషాలు చూడనేలేదు. వచ్చే శుక్రవారం మొదటి పది నిమిషాలు ఆ ఏర్పాటు తీసేసి, పొలాలు పడ్డాక పెడతాను. అడవిపందిని నేనే తెస్తాను, ఇవాళ సాధనలో ఆరుసార్లకు నాలుగుసార్లు బతికించుకున్నాను. నిజామాబాద్_వాసి గారూ, వూట్జ్ స్టీల్ దాకా చేరలేకపోయాను. ఈసారి చేరతాను. మీ నాన్నగారిని కూడా చూడమనండి.